కార్డు మీద లేని వచనం

శ్రోతలందరికీ నమస్కారం. రోజూ చదివే బైబిలు భాగం నుంచి పుట్టే ప్రార్థన గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, పన్నెండు దాటాక మన పాలమూరు, నల్గొండ ప్రాంతాల్లో చాలా చర్చిల్లో ఒక పళ్లెం ముందుకు వస్తుంది. అందులో చిన్న చిన్న కార్డులు బోర్లించి ఉంటాయి. ఇంటిల్లిపాదీ తలా ఒకటి తీసుకుంటారు. వాటిని వాగ్దాన కార్డులంటాం. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని నమ్మి ఇంటికి తెచ్చుకుని బీరువా అద్దానికి అంటిస్తారు. ఆ కార్డుల్లో తరచుగా కనిపించే వచనం యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో పదకొండోది. మీ విషయంలో నా ఆలోచనలు మీ మేలు కోసమే గాని కీడు కోసం కావని దేవుడు తన ప్రజలకు చెప్పే మాట అది.

ఆ వచనం మీద నాకే ఫిర్యాదూ లేదు. దాన్ని చుట్టుపక్కల మాటల నుంచి కత్తిరించి తేవడం మీదే నా ఫిర్యాదంతా. అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి ప్రవక్త రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని అందులో ఉంది. ఏడో వచనంలో ఇంకా కష్టమైన మాట ఉంది. నేను మిమ్మల్ని ఏ పట్టణానికి చెరగా పంపానో దాని క్షేమాన్ని కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అంటాడు దేవుడు. పదో వచనంలో ఇదంతా తీరడానికి డెబ్భై ఏళ్లు పడుతుందని కూడా చెప్పేశాడు. ఈ రెండు వచనాలున్న కార్డును నేనెక్కడా చూడలేదు. డెబ్భై ఏళ్లు ఆగమని చెప్పే కార్డు చేతికొస్తే ఎవరు మాత్రం అద్దానికి అంటిస్తారు చెప్పండి!

ఇప్పుడు ఈ ఉత్తరాన్ని నారాయణపేట వైపో, దేవరకొండ వైపో ఉన్న ఒక ఇంట్లో చదువుతున్నారనుకోండి. కొడుకూ కోడలూ ముంబైలోనో పుణెలోనో కట్టడం పనిలో ఉన్నారు. మనవలు నానమ్మ దగ్గర ఉన్నారు. రాత్రి అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన. ఆమె ఏమని ప్రార్థిస్తుంది? నా బిడ్డలను కాపాడు ప్రభువా, పని దొరికేలా చెయ్యి, మేస్త్రీ కూలి ఎగ్గొట్టకుండా చూడు. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు, నేనైనా అదే అడుగుతాను. కానీ ఆ రోజు చదివే బైబిలు భాగంలో ఏడో వచనం వచ్చిందంటే ప్రార్థన అక్కడ ఆగదు. బిడ్డలున్న ఆ ఊరి కోసమూ అడగాలి. రేకుల షెడ్డు అద్దెకిచ్చిన మనిషి కోసం, సైటు దగ్గరి వాచ్‌మన్ కోసం, అక్కడి ప్రభుత్వాసుపత్రి కోసం, ఆఖరికి ఆ మేస్త్రీ కోసం కూడా. ఇది ఆమెకు తనంతట తాను తోచే ప్రార్థన కాదు. చదివిన భాగం ఆమె చేత చేయించిన ప్రార్థన.

అనుదిన వాక్యపఠనం నుంచి పుట్టే ప్రార్థన గురించి నేను చెప్పదలచిందల్లా ఇదే. మన అవసరాల చిట్టా మన దగ్గర ఎప్పుడూ ఉంటుంది, దానికి బైబిలు తెరవనక్కర్లేదు. తెరిస్తే మాత్రం చిట్టాలో లేనిదాన్ని అడగవలసి వస్తుంది.

ఈ డెబ్భై ఏళ్ల మాటనే చదివి ప్రార్థించిన మనిషి ఒకడు బైబిల్లోనే ఉన్నాడు. దానియేలు గ్రంథం 9వ అధ్యాయం చూడండి. యిర్మీయా చెప్పిన డెబ్భై ఏళ్ల లెక్క చదివి, దానియేలు గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, ఉపవాసంతో ప్రార్థనకు దిగాడు. గడువు దగ్గరపడింది, ఇక విడిపించు అంటాడని మనం ఎదురుచూస్తాం. ఆయన ఆ మాటకు రావడానికి చాలాసేపు పడుతుంది. ప్రార్థనలో పెద్ద భాగం ఒప్పుకోలే. మేము పాపం చేశాం, మేము నీ మాట వినలేదు అంటాడు. వాళ్లు అనడు, మేము అంటాడు. సింహాల గుహలో వేసినా చెక్కుచెదరని మనిషి, ఆ గ్రంథమంతా వెదికినా తప్పు దొరకని మనిషి, ఆ మాట అంటున్నాడు. మన సంఘాల్లో ఊరి పాపాల గురించి ప్రార్థించేటప్పుడు సర్వనామం ఎటు తిరుగుతుందో ఒకసారి గమనించండి.

ఇంతకీ రోజు భాగాన్ని ఎవరు నిర్ణయించాలి? కతోలికులకు ఆ బాధ లేదు. రెండో వాటికన్ మహాసభ (కతోలిక బిషపులంతా రోములో జరుపుకున్న సభ) తర్వాత వచ్చిన పఠన పట్టిక ప్రకారం ఆదివారం పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా. మామూలు రోజుల మొదటి పఠనం రెండేళ్లకొకసారి తిరుగుతుంది. 1976లో ఏర్పడిన నల్గొండ మేత్రాసనంలోని (ఒక బిషపు కింద ఉండే ప్రాంతం) ఏ పల్లె గుడిలోనైనా ఆ రోజు చదివే సువిశేషమే రోములోనూ చదువుతారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వారికి ఏ రోజు ఏం చదవాలో చెప్పే ఆల్మనాక్ ఏటా అచ్చవుతుంది. రష్యా నుంచి వచ్చి 1890లో నల్గొండలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ నాటి నుంచి ఇక్కడ పెరిగిన బాప్టిస్టు సంఘాలకు గాని, పాలమూరు అంతటా ఉన్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలకు గాని ఇలాంటి పట్టికను పాటించే అలవాటు తక్కువ. ఎవరికి తోచింది వారు చదువుకుంటారు. ఆ స్వేచ్ఛ మంచిదే. చిక్కేమిటంటే, స్వేచ్ఛగా వదిలేస్తే మన బైబిలు ఓదార్పునిచ్చే 23, 91, 121 కీర్తనల దగ్గర దానంతట అదే తెరుచుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు వేసిన పట్టికను పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఏదీ లేకపోతే రోజుకు అయిదు కీర్తనల చొప్పున చదవండి. నూట యాభై కీర్తనలు ముప్ఫై రోజుల్లో పూర్తవుతాయి.

చదివిన దాన్ని ప్రార్థనగా మలచడానికి పాత సంఘం వాడిన పద్ధతి ఒకటుంది. దేవుణ్ణి పిలవాలి. ఆ భాగంలో ఆయన చేసినదొకటి ఆయనకే గుర్తుచేయాలి. దాన్ని ఆధారం చేసుకుని ఒక్కటే అడగాలి. ఎందుకో చెప్పాలి. యేసు నామంలో ముగించాలి. యోహాను సువార్త 4వ అధ్యాయంలో సమరయ స్త్రీ కథ వచ్చిన రోజున మర్రిగూడలోనో మునుగోడులోనో ఇలా ప్రార్థించవచ్చు:

“అలసిపోయి బావి దగ్గర కూర్చున్న ప్రభువా, దాహమని నీవు ఒక పరాయి స్త్రీని నీళ్లడిగావు. ఇంత దూరం వచ్చి తోడుకునే బాధ తప్పించమని ఆమె అడిగితే నీవు కోప్పడలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మా పెద్దలను జ్ఞాపకం చేసుకో. పటిక, సున్నం కలిపి ఆ నీటిని తేర్చే పద్ధతిని కనిపెట్టి దానికి మా నల్గొండ పేరు పెట్టిన శాస్త్రవేత్తల కోసం స్తోత్రం. మా ఇళ్లలోకి వచ్చే నల్లాలో మంచినీళ్లు ఆగకుండా చూడు, మా పిల్లలు నిటారుగా నడిచేలా. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.”

చూశారా, ఇందులో యేసు ఆమెకిస్తానన్న జీవజలం ప్రస్తావనే రాలేదు. ప్రసంగీకులు వెంటనే అక్కడికి దూకుతారు. ఆ స్త్రీ మాత్రం కడవ మోసే కష్టం తప్పించమనే అడిగింది, మనమూ అక్కడే మొదలుపెట్టవచ్చు.

చదువు రానివారి సంగతి కూడా చెప్పాలి. ఫోనులో బైబిలు వినిపించే సౌకర్యం వచ్చాక వాళ్లకు ఇబ్బంది తగ్గింది. అంతకు ముందు మనవడో మనవరాలో చదివి వినిపించేవారు. పొద్దున విన్న ఒక్క వాక్యాన్ని నాటు వేస్తున్నంతసేపూ మనసులో తిప్పుకునే స్త్రీలున్నారు. నాలుగు అధ్యాయాలు గబగబా చదివి లేచే మనకంటే వాళ్ల పద్ధతే నయం.

ఇక కష్టమైన రోజులు. వంశావళులు వచ్చిన రోజు తొందరగా దాటిపోవచ్చు, తప్పులేదు. 137వ కీర్తన వచ్చిన రోజు అలా దాటలేం. అది కూడా బబులోను చెరలోదే. నదుల దగ్గర కూర్చుని ఏడ్చిన మాటతో మొదలై, బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అనే మాటతో ముగుస్తుంది. కతోలికుల అనుదిన ప్రార్థనా గ్రంథంలో ఆ చివరి వచనాలను వదిలేశారు. నేనైతే వదలను. కూలి ఎగ్గొట్టించుకుని వచ్చిన మనిషి కడుపులో ఉండేది అలాంటి మాటే. దాన్ని దేవుడి ముందు పెడితే ఆయన వింటాడు. వీధిలో పెడితే కొట్లాట అవుతుంది. అదే చెరలో ఉన్నవాళ్లకే, ఆ పట్టణం కోసం ప్రార్థించండి అనే ఉత్తరమూ వచ్చింది. రెండూ ఒకే రోజు చదవమని మాత్రం నేను చెప్పను. కీర్తన చదివిన పూట కీర్తన చాలు, ఉత్తరం సంగతి మర్నాడు చూసుకోవచ్చు.

సెలవు. నమస్కారం.