కోడింగ్ రానివాళ్లకు కూడా రోబో జట్టులో పని ఉంది

కోడింగ్ రాదు కదా, మనకెందుకులే అని వెనక్కి జరిగి కూర్చున్నవాళ్లతోనే ముందు మాట్లాడాలి. రోబో జట్టులో కోడ్ రాసేవాళ్లు ఇద్దరుంటే సరిపోతుంది. బోల్టులు బిగించడానికి, వైర్లు సర్దడానికి, లెక్కలు వేయడానికే మనుషులు చాలరు.

విద్యార్థుల రోబో పోటీ ఫస్ట్ టెక్ ఛాలెంజ్ సంగతే చూడండి. ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో పట్టాలి. మొదటి 30 సెకన్లు అది తనంతట తాను నడవాలి, ఆ తర్వాత 2 నిమిషాలు మీ చేతిలో ఉంటుంది. రెండు జట్లు కలిసి మరో రెండు జట్లతో తలపడతాయి. ఒక ఆటలో మీ పక్కన నిలిచిన జట్టే తర్వాతి ఆటలో ఎదురు రావచ్చు. కాబట్టి పక్క జట్టు స్పానర్ అడిగితే ఇచ్చేయండి.

మీ ఫిజిక్స్ పాఠం ఎక్కడ పనికొస్తుందో చెప్తాను. 40 సెంటీమీటర్ల రోబో చేయి చివర కిలో బరువు ఎత్తాలంటే దాదాపు 4 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. చేయి బరువు అర కిలో అనుకుంటే, అది చేయి మధ్యలో పడుతుంది కాబట్టి మరో న్యూటన్ మీటరు కలపండి, మొత్తం 5. మోటారు ఇబ్బంది లేకుండా 1 ఇస్తుందనుకుందాం. 5:1 గేరు (మోటారు 5 చుట్లకు చేయి ఒక చుట్టు, బలం 5 రెట్లు) చాలనిపిస్తుంది గానీ చాలదు. రాపిడి ఉంది, బ్యాటరీ దిగుతుంది. అంచు మీద పనిచేసే మోటారు ఆగిపోయి, కరెంటు లాగేసి వేడెక్కుతుంది. 10:1 పెట్టండి. అప్పుడు నిమిషానికి 60 చుట్లు తిరిగే మోటారుతో చేయి 6 చుట్ల వేగానికి దిగుతుంది, 90 డిగ్రీలు లేవడానికి రెండున్నర సెకన్లు. ఆ ఆలస్యం మీ ఆటకు సరిపోతుందో లేదో జట్టంతా కూర్చుని తేల్చుకోవాలి. నా దృష్టిలో ఇంజనీరింగ్ అంటే ఈ బేరమే.

ఆట మధ్యలో రోబో బిగుసుకుపోతే అందరూ కోడ్‌నే తిడతారు. ముందు కనెక్టర్లు చూడండి. ఒక్కోదాన్నీ వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి, కదిలిందంటే దొంగ దొరికినట్టే. కనెక్టర్‌కు రెండు మూడు సెంటీమీటర్ల ఇవతలే వైరును జిప్ టైతో ఫ్రేముకు కట్టేస్తే, లాగుడు పిన్ను మీద పడదు. కదిలే చేయి వెంట వెళ్లే వైరును చేయి పూర్తిగా ఎత్తి పట్టుకునే కొలవండి. దించి కొలిస్తే పొట్టిదవుతుంది, మొదటిసారి ఎత్తగానే తెగుతుంది.

బ్యాటరీ ఇంకో మాయలాడి. ఊరికే ఉన్నప్పుడు మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. నాలుగు మోటార్లూ ఒక్కసారి కదిలేసరికి వోల్టేజీ పడిపోయి, రోబోకు మెదడులాంటి కంట్రోలర్ రీస్టార్ట్ అవుతుంది. కాబట్టి మోటార్లు తిరుగుతుండగానే కొలవండి, ప్రతి బ్యాటరీకీ నంబరు రాసిపెట్టండి. ఇక నట్లు: అదిరే చోటల్లా నైలాన్ లాక్‌నట్ (లోపల నైలాన్ రింగు బోల్టును పట్టి ఉంచే నట్) వాడండి, మామూలువి ఊడతాయి.

చాలా జట్లు హంగుగా ఉంటుందని చేయితో మొదలుపెడతాయి. కానీ పోటీకి ఎనిమిది వారాలుంటే రెండో వారం చివరికి చక్రాల మీద నడిచే బేస్ సిద్ధం కావాలి. చివరి రెండు వారాలు నడిపే సాధనకే. ఆ రోజుల్లో కొత్త భాగం తగిలిస్తానన్నవాడికి స్క్రూడ్రైవర్ ఇవ్వొద్దు.

చేరదామనుకున్నవాళ్లు మొదటి రోజు బొమ్మలు గీయకండి. నియమాల పుస్తకం తెరిచి, ఏ పనికి ఎన్ని పాయింట్లు, దానికి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కపక్కన రాయండి. ఏ యంత్రం కట్టాలో ఆ పట్టిక చూశాకే మాట్లాడుకుందాం.