31వ ఎపిసోడ్: ఏబీఎస్ఎన్ ఎస్సే ఎలా రాయాలి

వదిన: నమస్కారమండీ. రికార్డవుతోందా అమ్మాయ్? ఎర్ర చుక్క వెలుగుతోందా?

ఆడపడుచు: వెలుగుతోంది వదినా. చెప్పండి.

వదిన: ఈసారి కుక్కర్ కట్టేసే కూర్చున్నాం, నిశ్చింతగా వినండి. ఇవాళ ఏబీఎస్ఎన్ దరఖాస్తుతో పాటు పంపాల్సిన ఎస్సే గురించి. ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ళు ఇక్కడ అమెరికాలో ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ, అంటే బీఎస్ఎన్, పూర్తి చేసే కోర్సు ఇది. ఇదేదో కొత్తగా పుట్టుకొచ్చిందని చాలామంది అనుకుంటారు. సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో 1971లోనే మొదలైంది. మా ఆడపడుచు ఇప్పుడు ఆ దరఖాస్తే నింపుతోంది.

ఆడపడుచు: మూడు కాలేజీలకి. నర్సింగ్‌కాస్‌లో, అదే నర్సింగ్ కాలేజీల దరఖాస్తులు ఒకేచోట పెట్టే వెబ్‌సైట్‌లో, అన్నీ ఎక్కించేశాను. ఎస్సే ఒక్కటే మిగిలింది. టీస్ అనే ప్రవేశ పరీక్ష కూడా అయిపోయింది.

వదిన: ఎంతొచ్చిందో చెప్పు, వినేవాళ్ళు అడుగుతున్నారు.

ఆడపడుచు: 84 శాతం. 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు. సైన్స్‌కి భయపడలేదు కానీ ఇంగ్లీషులో కామా ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నల దగ్గర బాగా టైం పోయింది.

వదిన: మంచి మార్కే. సరే, ఎస్సే. దానికంటే ముందు ఒక్క మాట చెప్పనీ. సిలబస్...

ఆడపడుచు: అనుకున్నాను.

వదిన: కొత్తగా వినేవాళ్ళుంటారు కదా. నాది బీటెక్ ఈసీఈ. నా మార్కుల లిస్టులో ఒక పేపర్ పేరు ఉత్త "మ్యాథమెటిక్స్", పక్కన ఒక అంకె. అంతే. అందులో సగం ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ అని ఇక్కడివాళ్ళకి ఎలా తెలుస్తుంది? చేరాలంటే మళ్ళీ స్టాటిస్టిక్స్ చదవమన్నారు నర్సింగ్ కాలేజీవాళ్ళు. మా నాన్నగారు నా పాత కాలేజీకి వెళ్ళి, లైబ్రరీలో మా బ్యాచ్ సిలబస్ పుస్తకం వెతికించి, ఆ నాలుగు పేజీలు జెరాక్స్ తీయించి, ప్రిన్సిపల్ గారి స్టాంపు వేయించి పంపారు. అది చూపించాక ఒప్పుకున్నారు. ఒక సెమిస్టర్, ఒక కోర్సు ఫీజు మిగిలింది. కాబట్టి ఇండియా వెళ్ళినప్పుడు మీ సిలబస్ కాపీ తెచ్చుకోండి. డిగ్రీ సర్టిఫికెట్ ఎలా దాచుకుంటారో అలా దాచుకోండి.

ఆడపడుచు: నాకు అది కూడా పనికిరాలేదు వదినా. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ. కానీ ఏడేళ్ళు దాటిన సైన్స్ కోర్సు చెల్లదన్నారు. కొన్ని కాలేజీల్లో ఐదేళ్ళే. కమ్యూనిటీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని బ్యాక్టీరియాకి రంగు వేసి గుర్తుపట్టే గ్రామ్ స్టెయిన్ మళ్ళీ చేశాను. మొదటి రోజు ఏడుపొచ్చింది. ఆ తర్వాత పక్క పిల్ల స్లైడ్ మాడ్చేస్తుంటే ఎంత దూరంలో వేడి చూపించాలో నేనే చూపించాను. అప్పటి నుంచి వారం వారం నా పక్కనే కూర్చునేది.

వదిన: అనాటమీ సంగతి చెప్పు. మీ అన్నయ్య ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఆడపడుచు: ఎముకల ప్రాక్టికలా? ల్యాబ్‌లో బల్లల మీద ఎముకలు పెట్టి, ఒక్కోదానికి రంగు చుక్క అంటిస్తారు. ఒక్కో బల్ల దగ్గర నిమిషం. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. ఆ చుక్క ఉన్న గుంట పేరేంటి, ఎముక కుడిదా ఎడమదా, అన్నీ రాయాలి. స్పెల్లింగ్ తప్పితే అర మార్కు పోతుంది. భుజం రెక్క ఎముక చేతిలో పెడితే కుడో ఎడమో నాకు ఎన్నాళ్ళకీ తెలిసేది కాదు. ఆ ఆదివారం అన్నయ్య మటన్ తెచ్చాడు. కడుగుతుంటే ఒక మూలుగ ఎముక చేతికొచ్చింది. రంపంతో అడ్డంగా కోసింది. చుట్టూ గట్టి ఎముక, మధ్యలో గొట్టంలా ఖాళీ, అందులో పసుప్పచ్చటి మూలుగ. కీలు వైపు ముక్క చూస్తే తేనెపట్టులా సన్నటి గదులు. పుస్తకంలో బొమ్మ ఉంటుంది చూడండి, అచ్చు అదే నా అరచేతిలో ఉంది. కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. అరగంట పాటు ఆ ముక్కలన్నీ ప్లేటులో పేర్చి పేర్లు చెప్పుకున్నాను. ఆ రోజు కూర రెండింటికి గానీ అవలేదు.

వదిన: ఆ రోజే నాకు తెలిసింది, నువ్వు నర్సువవుతావని. నిజంగా.

ఆడపడుచు: మరి అలాంటప్పుడు నిన్న ఫోన్‌లో అలా ఎందుకన్నారు?

వదిన: అది ఇక్కడెందుకే.

ఆడపడుచు: ఇక్కడే మాట్లాడదాం. వినేవాళ్ళలో సగం మంది నాలాంటివాళ్ళే. మీరు ఏబీఎస్ఎన్ చేశారు. పన్నెండు నెలల్లో పూర్తి చేశారు. నన్ను మాత్రం వద్దంటున్నారు.

వదిన: వద్దనలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ అనే చిన్న నర్సింగ్ డిగ్రీకి కూడా అప్లై చెయ్యి అన్నాను. రెండేళ్ళు పడుతుంది. రాసేది అదే ఎన్‌క్లెక్స్ లైసెన్స్ పరీక్ష, వచ్చేది అదే ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు లైసెన్స్. ఆ కౌంటీలో, అంటే జిల్లాలో, ఉన్నవాళ్ళకి ఒక్కో క్రెడిట్‌కి ఫీజు వంద డాలర్లు దాటని కాలేజీలున్నాయి. ప్రైవేటు ఏబీఎస్ఎన్‌లు అరవై వేల డాలర్లు దాటినవి ఎన్నో ఉన్నాయి. హెచ్‌4 మీద, అంటే హెచ్‌1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, ఉన్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోన్ రాదు. మొత్తం మన చేతి డబ్బే.

ఆడపడుచు: డబ్బు లెక్క నేనూ వేశాను. ఏడీఎన్ చేస్తే పెద్ద ఆస్పత్రులు బీఎస్ఎన్ ఉందా అని అడుగుతాయి. న్యూయార్క్‌లో 2017లో చట్టమే చేశారు, లైసెన్స్ వచ్చిన పదేళ్ళలోపు బీఎస్ఎన్ పూర్తి చేయాలని.

వదిన: మనం న్యూయార్క్‌లో లేం, టెక్సాస్‌లో ఉన్నాం. పైగా ఉద్యోగంలో చేరాక ఆర్ఎన్ టు బీఎస్ఎన్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. చాలా ఆస్పత్రులు ఫీజులో కొంత ఇస్తాయి. మా ఫ్లోర్‌లో సగం మంది అలా చేసినవాళ్ళే. చేతిలో సూది పట్టుకున్నాక ఎవరిది ఏ డిగ్రీ అని పేషెంటు అడగడు.

ఆడపడుచు: ఏడీఎన్ సీటు మాత్రం ఊరికే వస్తుందా? అక్కడా పాయింట్లు, అక్కడా వెయిటింగ్. ఇవాళ అప్లై చేస్తే ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. నాకు 36 వదినా. నేను జీతం తీసుకుని ఎనిమిదేళ్ళయింది.

వదిన: తెలుసమ్మా.

ఆడపడుచు: ఇప్పుడు ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, ఉంది కాబట్టి చదువు అవగానే పనిలో చేరగలను. ఈ అవకాశం ఉన్నప్పుడే పూర్తి చేయాలి.

వదిన: దాని గురించి ఒకటి చెప్పాలి, ప్రతి వారం ఇదే ప్రశ్న వస్తోంది. నర్సయితే గ్రీన్‌కార్డు వెంటనే వస్తుందని ఎవరో చెప్తున్నారు. మనుషులు తక్కువున్న ఉద్యోగాల జాబితా షెడ్యూల్ ఎ లో నర్సింగ్ ఉంది, నిజమే. దానివల్ల తప్పేది పర్మ్ ఒక్కటే, అదే ఆ ఉద్యోగానికి ఇక్కడివాళ్ళు దొరకలేదని కంపెనీ చూపించే మెట్టు. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ3 గ్రీన్‌కార్డు లైన్ మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోటి, మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి సాధారణంగా హెచ్‌1బీ ఇవ్వరు. ఆర్ఎన్ అవడానికి రెండేళ్ళ డిగ్రీ కూడా చాలు కాబట్టి. హెచ్‌4 మీద ఉన్నవాళ్ళు నర్సుగా పని చేయాలంటే ఈఏడీ ఉండాలి. అది 2015 నుంచి ఇస్తున్నారు, భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, అప్రూవ్ అయి ఉంటే చాలావరకు వస్తుంది. ఫీజు కట్టే ముందు ఇవన్నీ లాయర్‌తో మాట్లాడండి. గోంగూర అనే పేరుతో మాకు రాసినవారూ, మీ ప్రశ్నకి కూడా ఇదే జవాబు.

ఆడపడుచు: నేను మాట్లాడాను. అందుకే తొందర పడుతున్నాను. మీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీరు మాట మారుస్తున్నారు.

వదిన: మార్చడం లేదు.

ఆడపడుచు: మరి అసలు కారణం చెప్పండి. డబ్బు కాదు, నాకు తెలుసు.

(కొంచెం సేపు మౌనం)

వదిన: నేను చదువుతున్నప్పుడు మా అమ్మకి తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషన్. అప్పుడు నాది రెండో సెమిస్టర్, పీడియాట్రిక్స్, ఓబీ అంటే ప్రసూతి, రెండూ కలిపి ఏడు వారాలు. ఆస్పత్రిలో పని నేర్చుకునే క్లినికల్ రోజులు రెండు పోతే ఆ కోర్సు పోయినట్టే. కోర్సు పోతే వచ్చే ఏడాది బ్యాచ్‌తో మళ్ళీ మొదలు. నేను వెళ్ళలేదు.

ఆడపడుచు: అత్తయ్యగారికి ఆపరేషన్ అని తెలుసు. మీరు సెలవులుండి కూడా వెళ్ళలేదని మా అమ్మ... సారీ వదినా.

వదిన: అందరూ అదే అనుకున్నారు. ఆపరేషన్ అయిన సాయంత్రం తమ్ముడు వాట్సాప్‌లో వీడియో పెట్టాడు. ఇక్కడ పొద్దున్న ఐదు. నేను స్క్రబ్స్ వేసుకుని కారులో కూర్చుని ఉన్నాను. అమ్మ మంచం పక్కన ఒక నర్సమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో. అమ్మ కాళ్ళ మధ్య దిండు సరిచేసి పెడుతోంది, కొత్త తుంటి జారకుండా. ఆ వారమే నేను పుస్తకంలో చదివాను అది. ఆ పిల్ల చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఆరింటికి వెళ్ళి ఎవరి అమ్మకో నేను బీపీ చూశాను.

ఆడపడుచు: మీరు ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

వదిన: చెప్పాలనిపించలేదు. ఏడాదే కదా అంటారు. ఆ ఏడాదిలో జ్వరం రాకూడదు, పిల్లకి జ్వరం రాకూడదు, ఇండియా నుంచి ఫోన్ రాకూడదు. నీకు కిండర్‌గార్టెన్ పిల్ల ఉంది. నాకప్పుడు పిల్లలు లేరు. అందుకే అన్నాను, రెండేళ్ళ కోర్సులో వేసవి సెలవులైనా ఉంటాయని.

ఆడపడుచు: కానీ వదినా, రెండేళ్ళైతే ఆ ఫోన్ వచ్చే అవకాశం కూడా రెండేళ్ళు. అక్కడా క్లినికల్స్ మానకూడదు. మీకు కష్టమైనది ఒక ఏడాదిలో అయిపోయింది. నాకూ అలా అయిపోతే చాలు అనిపిస్తుంది.

వదిన: అలా నేను ఆలోచించలేదు.

ఆడపడుచు: మా పాప గురించి నేనూ రాత్రిళ్ళు ఆలోచిస్తాను. అన్నయ్య శని, ఆదివారాలు చూసుకుంటానన్నాడు. మా ఆయన పొద్దున స్కూల్లో దింపుతారు. మిగతా రోజులు ఇంకా తేలలేదు.

వదిన: మంగళవారాలు నాకివ్వు. నాకు మంగళ, బుధ డ్యూటీ ఉండదు.

ఆడపడుచు: చూద్దాం. ఆ రోజులు మీరు నిద్రపోవాలి.

వదిన: చూద్దాం ఏంటి, ఇవ్వు. సరే, ఎస్సే. టైం అయిపోతోంది. నువ్వు రాసింది చదువు.

ఆడపడుచు: మొదటి వాక్యం, "చిన్నప్పటి నుంచి ప్రజలకు సేవ చేయాలనేది నా కోరిక."

వదిన: తీసెయ్యి. రోజుకి వంద ఎస్సేలు చదివేవాళ్ళు అది చూసి పక్కన పెడతారు. నువ్వు విజయవాడలో ల్యాబ్‌లో చేసినప్పటిది ఒకటి చెప్పావే, పిల్లాడి రిపోర్టు.

ఆడపడుచు: అదా. ఒకావిడ తన పిల్లాడి బ్లడ్ కల్చర్ రిపోర్టు, అదే రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షది, తీసుకోవడానికొచ్చింది. కౌంటర్ అద్దం అవతల కాగితం పట్టుకుని "ఇందులో ఏముందో చెప్పమ్మా" అని అడిగింది. ఆ ప్లేటు చూసింది నేనే. అందులో ఏం పెరిగిందో నాకు తెలుసు. కానీ చెప్పకూడదు, డాక్టరు గారే చెప్పాలి. "డాక్టరు గారికి చూపించండమ్మా" అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. పిల్లాడు ఏమయ్యాడో నాకు తెలీదు.

వదిన: అదే రాయి. ఆ మడతతో సహా. ఆ తర్వాత రెండు వాక్యాలు చాలు, అద్దం ఇవతలి నుంచి అవతలికి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావో. ల్యాబ్ అనుభవం రాయి, మైక్రోబయాలజీ మళ్ళీ చదివి 'ఎ' గ్రేడ్ తెచ్చుకున్నావని రాయి. ఆ కాలేజీ గురించి ఒక్క నిజమైన సంగతి రాయి, వాళ్ళ క్లినికల్స్ ఏ ఆస్పత్రుల్లోనో చూసి. నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ గుర్తింపు ఇచ్చిందో లేదో ముందే చూసుకో. టెక్సాస్ నర్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో కాలేజీలవారీగా ఎన్‌క్లెక్స్ పాస్ శాతాలుంటాయి. ఏడాదికేడాది పడిపోతున్న చోట చేరకండి. అంతే, ఎస్సే గురించి నాకు తెలిసింది ఇంతే.

ఆడపడుచు: ఎన్‌క్లెక్స్ గురించి కూడా అడిగారు, ప్రశ్నలు ఎన్నని.

వదిన: తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150. ఐదు గంటలు టైం. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు కలిపారు. అది ఇంకోసారి మాట్లాడదాం. టెక్సాస్‌లో నర్సింగ్ చట్టాల మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష అని ఇంకోటి ఉంది, దాన్ని మర్చిపోయి లైసెన్స్ ఆలస్యం చేసుకోకండి. ఇంకా సిలబస్ కాపీ...

ఆడపడుచు: దాచుకుంటారు వదినా, అందరూ దాచుకుంటారు.

వదిన: స్టాంపు వేయించి. స్టాంపు లేకపోతే చెల్లదు. టైం ఎంతయింది?

ఆడపడుచు: ఆరూ పది.

వదిన: అమ్మో, ఏడింటికి నైట్ డ్యూటీ రిపోర్ట్. ఇవాళ ట్రాఫిక్ కూడా ఉంటుంది. నా బ్యాడ్జ్ ఎక్కడ పెట్టాను?

ఆడపడుచు: ఫ్రిజ్ మీద ఉంది. అన్నం డబ్బా సంచిలో పెట్టాను.

వదిన: పెరుగు?

ఆడపడుచు: పెట్టాను. మూత గట్టిగానే పెట్టాను, చూసుకోండి. వదినా, నేను ఏడీఎన్‌కి కూడా అప్లై చేస్తాను. కానీ ఏబీఎస్ఎన్ మానను.

వదిన: మానొద్దు. రాత్రికి ఎస్సే పంపు, రెండింటికి బ్రేక్‌లో చూస్తాను. ఇదింకా రికార్డవుతోందా?