మాత్ర వేసుకున్నాక మిగిలే రోజు: తీవ్ర మానసిక వ్యాధి, ఒక పొలం, కొందరు మనుషులు

[తెర మీద: ఉదయం పదకొండు గంటలు. కిటికీ తెర వేసి ఉన్న గది. బయట నుంచి కూరగాయల బండి కేక వినిపిస్తూ ఉంటుంది.]

నమస్కారం.

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి మందులు మొదలుపెట్టిన ఇళ్లలో కొన్నాళ్లకు ఒక మాట వినిపిస్తుంది. "ఇప్పుడు గొడవేమీ లేదండీ. కానీ మావాడు ఏ పనీ చేయడు." చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండటం తగ్గింది. ఎవరో వెంటాడుతున్నారన్న భయం తగ్గింది. నిద్ర పడుతోంది. అయినా మంచం దిగడు. స్నానం చేయమంటే రేపు అంటాడు. స్నేహితులు ఫోన్ చేస్తే ఎత్తడు. ఇంట్లోవాళ్లు దీనికి బద్ధకం అని పేరు పెడతారు.

ఇది బద్ధకం కాదు, జబ్బులో భాగం. ఈ ఒక్క విషయం అర్థమైతే ఈ వీడియోలో మిగతాదంతా అర్థమవుతుంది.

[తెర మీద: రెండు నిలువు వరుసలు. "కొత్తగా వచ్చినవి", "ఉన్నవి పోయినవి".]

స్కిజోఫ్రీనియా లక్షణాలు రెండు తీరుల్లో ఉంటాయి. కొన్ని అంతకుముందు లేనివి, కొత్తగా వచ్చి చేరతాయి. లేని మాటలు వినిపించడం, లేని కుట్రలు కనిపించడం. మెదడులో డోపమిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు వీటిని చాలామందిలో బాగా అదుపు చేస్తాయి. మరికొన్ని లక్షణాలు దీనికి తలకిందులు. అంతకుముందు మనిషిలో ఉన్న చొరవ, ఆసక్తి, ముఖంలో కదలిక, నలుగురిలో కలవాలన్న కోరిక మెల్లగా తగ్గిపోతాయి. దృష్టి నిలపడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం కూడా దెబ్బతింటాయి. ఇప్పుడున్న మందులు ఈ రెండో రకం మీద పెద్దగా పనిచేయవు. పైగా ఈ జబ్బు ఎక్కువగా పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య మొదలవుతుంది. అంటే చదువు, ఉద్యోగం, పెళ్లి కుదిరే వయసులో. మంచం దిగేసరికి తోటివాళ్లంతా చాలా దూరం వెళ్లిపోయి ఉంటారు.

ఇక మిగిలింది ఇల్లు. 1950ల నుంచి లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆసుపత్రి నుంచి వెళ్లినవాళ్లు మళ్లీ ఎందుకు జబ్బు పడుతున్నారో చూశారు. రోజూ విమర్శలు, కోపాలు నడిచే ఇళ్లకు వెళ్లినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. ప్రేమతోనే అయినా, మనిషికి ఊపిరాడనంతగా పట్టించుకునే ఇళ్లలోనూ అదే జరిగింది. తల్లిదండ్రుల వల్ల జబ్బు వచ్చిందని దీని అర్థం కాదు. అలసిపోయిన అమ్మ, రెండు గదుల ఫ్లాటు, పని లేని కొడుకు. ఆ ఇద్దరినీ ఇరవై నాలుగు గంటలూ ఒకే చోట ఉంచితే ఎవరైనా విసుక్కుంటారు. "లేవరా నాన్నా" అన్న మాటే మధ్యాహ్నానికి అరుపుగా మారుతుంది.

మాత్ర వేసుకున్నాక మిగిలిన రోజును ఏం చేయాలి? పొలం అన్న ఆలోచన ఈ ప్రశ్నకు ఒక జవాబు.

[తెర మీద: ప్రపంచ పటం. అమెరికాలో మసాచుసెట్స్ మీద చుక్క.]

1913లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, మాంటెరీ అనే చిన్న ఊళ్లో విలియం గౌల్డ్, ఆగ్నెస్ గౌల్డ్ అనే దంపతులు ఒక వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టారు. దాని పేరు గౌల్డ్ ఫార్మ్. మానసికంగా కుంగిపోయినవాళ్లు వచ్చి, అక్కడే ఉండి, వీళ్లతో కలిసి పని చేసి, ఒకే బల్ల మీద భోజనం చేయాలన్నది ఆలోచన. ఆ క్షేత్రం ఇప్పటికీ నడుస్తోంది. స్కిజోఫ్రీనియా, మనసు మితిమీరిన ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే బైపోలార్ డిజార్డర్, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లు అక్కడికి వస్తారు. తోట, పశువులు, అడవి పని, వంటగది, రోడ్డు పక్కన ఒక చిన్న ఫలహారశాల అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. సిబ్బందిలో చాలామంది తమ పిల్లాపాపలతో ఆ ఆవరణలోనే కాపురం ఉంటారు. 1932లో వెర్మాంట్‌లో మొదలైన స్ప్రింగ్ లేక్ రాంచ్‌దీ ఇదే దారి.

ఇవి ఆసుపత్రులకు బదులు కాదు. అక్కడా మందులు నడుస్తాయి, డాక్టర్లను కలవడం ఉంటుంది. అయితే రోజుకొక ఆకారం వస్తుంది. నిద్ర లేవడానికి ఒక కారణం ఉంటుంది. అమ్మ అరవడం దానికి కారణం కాదు, గేదె కాచుకుని ఉండటం.

[తెర మీద: మడి. చేతులు దగ్గరగా. గుప్పెట్లో ధనియాలు.]

పొలమే ఎందుకు, కంప్యూటర్ క్లాసు ఎందుకు కాదు అని మీరు అడగవచ్చు. కొత్తిమీర మడిని చూడండి. ధనియం గింజను అలాగే చల్లరు. చెప్పు కిందో, చెక్క కిందో పెట్టి మెల్లగా నలుపుతారు. గింజ రెండు బద్దలవుతుంది. గట్టిగా నొక్కితే పొడైపోతుంది, మరీ మెల్లగా నొక్కితే విడిపోదు. చేతికి ఆ ఒత్తిడి తెలియాలి. అయిదు నిమిషాలు కూడా పుస్తకం చదవలేని మనిషి ఈ పని అరగంట చేయగలడు, ఎందుకంటే చేసిన ప్రతి గింజా బాగుందో లేదో వెంటనే కళ్ల ముందే తెలుస్తుంది. మెంతులైతే మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి. పాలకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. "నేను చేసింది నిలబడింది" అని ఏళ్ల తరబడి అనుకోలేకపోయిన మనిషికి ఆ నాలుగు రోజులు చాలా విలువైనవి.

ఇంకో సంగతి. మొక్క మనిషి ముఖం చదవదు, పశువు ప్రశ్నలు అడగదు. ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో అన్న అనుమానంతో సతమతమయ్యేవారికి ఇది పెద్ద ఊరట. పక్క మడిలో ఇంకొకరు ఉంటారు. మాట్లాడితే మాట్లాడవచ్చు, లేకపోతే లేదు. పక్కపక్కన పని చేయడం కూడా కలిసి ఉండటమే. మాటలు చాలామందికి నెమ్మదిగా అక్కడే మొదలవుతాయి, "ఆ పార ఇటివ్వండి" అనడంతో.

[తెర మీద: మే నెల. నెర్రెలిచ్చిన నేల. నీళ్ల కుండ.]

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. మసాచుసెట్స్‌లో రాసిన దినచర్యను మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో గోడకు అతికిస్తే ప్రమాదం. కారణం ఎండ. ఈ జబ్బులకు వాడే చాలా మందులు శరీరం తన వేడిని తాను అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. కొన్నిటి వల్ల చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. బైపోలార్‌కు ఇచ్చే లిథియం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఎండదెబ్బ అని నీడలో పడుకోబెట్టి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాలి.

మన రైతులు చెప్పినట్టు తెల్లవారుజామునే పనిలోకి దిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడ ఇంకో చిక్కు ఉంది. రాత్రి వేసుకున్న మందు మత్తు చాలామందికి ఉదయం తొమ్మిది దాకా వదలదు. అందుకే మన దగ్గర నడపాలంటే పనిని విడగొట్టాలి. మత్తు తక్కువగా ఉన్నవాళ్లు పొద్దున్నే కోతకు, మిగతావాళ్లు ఆ తరువాత పందిరి కింద కట్టలు కట్టడానికి, విత్తనాలు శుభ్రం చేయడానికి. నీళ్లు పెట్టడం సాయంత్రం. మధ్యాహ్నం ఎవరూ ఎండలోకి వెళ్లకూడదు. ఈ మాట నేను ఎవరి దగ్గరైనా గట్టిగానే అంటాను: మందుల పట్టిక చూడకుండా పని పట్టిక వేసే చోట మన పిల్లలను ఉంచకూడదు.

రెండోది పురుగుమందు. అది ఆ ఆవరణలోకి రానే కూడదు. తీవ్ర మానసిక వ్యాధుల్లో ఆత్మహత్య ముప్పు నిజమైనది, ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకుండా ఉంచడం ప్రాణాలు కాపాడుతుంది. రసాయనాలు లేకుండా పంట ఎలా అంటారా? మన తెలంగాణలోనే ఏనెబావి అనే చిన్న ఊరు 2006లోనే రసాయనాలు వాడని ఊరుగా ప్రకటించుకుంది. బావులకు మూత, కొడవళ్లకు లెక్క, ఈ రెండూ అంతే ముఖ్యం.

[తెర మీద: చట్టం ప్రతి. 2017.]

పొలం, పిచ్చాసుపత్రి అన్న రెండు మాటలు పక్కపక్కన వినగానే పెద్దవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. పాతకాలం ఆసుపత్రులు చాలా దేశాల్లో రోగులతో పొలాలు దున్నించాయి, బట్టలు ఉతికించాయి, ఒక్క పైసా ఇవ్వలేదు. దానికి కూడా చికిత్స అనే పేరు పెట్టాయి. మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, ఈ విషయంలో సూటిగా ఉంది. మానసిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న వ్యక్తితో బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. తన బట్టలు తాను వేసుకునే హక్కు ఉంది. బలవంతంగా గుండు చేయకూడదు. ఏ పేరుతోనూ గొలుసులు వేయకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన చోట మంటలు చెలరేగి 28 మంది చనిపోయారు. ఆ తేదీ తెలిసినవారికి చట్టంలో ఆ వాక్యం ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే చట్టం 19వ సెక్షన్ సమాజంలో బతికే హక్కు ఇచ్చింది. కుటుంబం తీసుకెళ్లలేదనో, ఉండటానికి చోటు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండే నివాసాలను ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. ఇప్పుడు మనకు కొరత అక్కడే. ఎర్రగడ్డలో వైద్యం చేసే ఆసుపత్రి ఉంది. అక్కడి నుంచి బయటికి వచ్చాక ఎక్కడికి? చాలా కుటుంబాలకు దీనికి జవాబు దొరకదు.

మన దేశంలో అడుగులు పడలేదని కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు కుటుంబాలనూ అక్కడే ఉంచారు. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మేనన్ నెలకొల్పిన స్కార్ఫ్ సంస్థ పునరావాసాన్ని చికిత్సలో భాగం చేసింది. 1993లో మొదలైన ది బాన్యన్ అనే సంస్థ, ఏళ్ల తరబడి సంస్థల్లో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిగా మామూలు వీధుల్లో, మామూలు అద్దె ఇళ్లలో కాపురం పెట్టించింది. పొలం గురించి ఇంతసేపు మాట్లాడిన నేను ఈ చివరి పద్ధతిని ఎంతో గౌరవిస్తాను. ఎందుకంటే పొలానికి ఒక ప్రమాదం ఉంది. ఊరికి దూరంగా, పచ్చగా, ప్రశాంతంగా ఉండే చోటు చాలా సులువుగా మనుషులను వదిలించుకునే చోటుగా మారుతుంది. ఆదివారం వచ్చే చుట్టాలు నెలకొకసారి వస్తారు, తరువాత పండక్కి వస్తారు, తరువాత డబ్బు పంపుతారు.

[తెర మీద: రైతుబజారు. ఆకుకూరల కట్టలు. చిల్లర లెక్కపెడుతున్న చేయి.]

కాబట్టి పొలానికి ఊళ్లోకి దారి ఉండాలి. గౌల్డ్ ఫార్మ్ కూడా క్షేత్రంలో కొంతకాలం గడిపినవారికి బోస్టన్ నగర పరిసరాల్లో తరువాతి మెట్టు ఏర్పాటు చేసింది. మనకైతే రైతుబజార్లు ఉన్నాయి. పండించిన పాలకూరను వాళ్లే తెచ్చి అమ్మాలి. కట్ట ఎంత అని అడిగే మనిషికి జవాబు చెప్పాలి, చిల్లర తిరిగి ఇవ్వాలి, బేరాన్ని తట్టుకోవాలి. తెల్లవారి ఎండ ఎక్కకముందు బస్సెక్కి, గంపతో నగరంలోకి వచ్చి, ఖాళీ గంపతో వెళ్లడం ఎన్నో కౌన్సెలింగ్ గంటలకు సమానమని నా నమ్మకం. కొనేవాళ్లకు అమ్మేవాళ్ల జబ్బు సంగతి తెలియాల్సిన పని లేదు. వాళ్లకు కావలసింది తాజా ఆకుకూర.

ఖర్చు మాట కూడా చెప్పాలి. అమెరికాలో ఇలాంటి చోట్లు బాగా ఖరీదైనవి. ఇక్కడ కూడా నగరం చుట్టూ భూమి ధర చూస్తే ప్రైవేటుగా నడిచేది మధ్యతరగతికి అందదు. అందుకే ఇది దయతో అయ్యే పని కాదు, ప్రభుత్వ భూమి, ప్రభుత్వ డాక్టరు, చట్టంలో ఇప్పటికే ఉన్న బాధ్యత కలిసి రావాలి.

[తెర మీద: గేటు. లోపలికి చూస్తున్న ఒక తల్లి, పక్కన యువకుడు.]

ఈలోగా ఎవరైనా మీకు ఒక "ఫార్మ్" గురించి చెబితే, వెళ్లి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, కాగితం చూపించమనండి. సైకియాట్రిస్టు ఏ రోజుల్లో వస్తారు? రాత్రి ఎవరికైనా బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో? పనికి డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? "మందులు మాన్పించేస్తాం", "నలభై రోజుల్లో నయం" అన్నారా, అక్కడి నుంచే వెనక్కి తిరగండి. వంటగదిలోకి వెళ్లండి. సిబ్బంది, అక్కడ ఉంటున్నవారు ఒకే వంట తింటున్నారో లేదో ఆరా తీస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

మీ అబ్బాయిని, అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. నిర్ణయం తీసుకోగలిగిన స్థితిలో ఉన్న పెద్దవాళ్లు తమ ఇష్టంతో చేరవచ్చు, తమ ఇష్టంతో బయటికి రావచ్చు అని చట్టం చెబుతోంది. వాళ్లకు నచ్చకపోతే ఇంకో చోటు చూడండి, లేదా మేడ మీద పది కుండీలతో మొదలుపెట్టండి.

ఇంట్లో పరిస్థితి ఈ రోజే కష్టంగా ఉంటే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

[తెర మీద: 14416]