జీరంగి, మేకు, ఆపిల్ పంట: ‘ది వికర్ మ్యాన్’ రివ్యూ

నమస్కారం. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ సినిమా డిస్కును అమ్మేవారే నాకు ఉచితంగా పంపించారు. అయినా నచ్చనిది నచ్చలేదనే చెబుతాను. నిడివి, నటీనటుల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. 1973 నాటి సినిమా కాబట్టి ముగింపును కూడా దాచను.

తప్పిపోయిన పిల్లను వెతుకుతూ ఒక పోలీసు సార్జెంటు, పాత దేవుళ్లను కొలిచే ఒక స్కాట్లండ్ దీవికి వస్తాడు. బడిలో ఆ పిల్ల డెస్కు మూత ఎత్తగానే, లోపల మేకుకు దారంతో కట్టిన పురుగొకటి తిరుగుతూ కనిపిస్తుంది. తిరిగిన కొద్దీ దారం మేకుకు చుట్టుకుని పొట్టిదవుతుంది. చిన్నప్పుడు మేమూ జీరంగికి దారం కట్టి ఎగరేసినవాళ్లమే కాబట్టి, ఆ దృశ్యం దగ్గర నా చేతివేళ్లకు ఆ దారం గుంజుడు తెలిసింది. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. సార్జెంటు కథ మొత్తం ఆ దారంలోనే ఉంది.

ఇందులో భయమంతా పట్టపగలే, పూల మధ్య, పాటల మధ్య పుడుతుంది. పాల్ జియోవాని కట్టిన ఆ పాటలను ఊరివాళ్లు నవ్వుతూ పాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అలాంటి పాటలకు ఈ డిస్కులో సబ్‌టైటిళ్లు వేయలేదు! మాటలన్నిటికీ వేసి, పాట మొదలవగానే తెర అడుగున ఖాళీ వదిలేశారు. కొలుపులో పాట తెలియకపోతే మొక్కు ఎందుకో తెలియదు, ఇక్కడా అంతే. రెండు రాత్రులు ఈ కోపంతోనే చూశాను.

ఈ సినిమాలోని ఆచారాలకు ఆధారమైన పుస్తకాల్లో జేమ్స్ ఫ్రేజర్ 1890లో ప్రచురించిన ‘ది గోల్డెన్ బౌ’ ఒకటి. మా కొండల్లోని కోదు గిరిజనుల మెరియా అనే నరబలి గురించి కూడా ఆ పుస్తకంలో ఉంది. భూదేవతకు మనిషిని బలి ఇస్తే పంట పండుతుందని, పసుపుకు మంచి రంగు వస్తుందని నమ్మిన ఆ ఆచారాన్ని అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1845లో మెరియా ఏజెన్సీని ఏర్పాటు చేసింది. ఆ తరువాత మనిషి స్థానంలోకి దున్నపోతు వచ్చింది. నియమగిరి దిగి సంతకు పసుపు, అనాస తెచ్చే డొంగ్రియా కోదులను చూస్తూ పెరిగిన నాకు, కొండ మీది ఊరు కనబడితే చాలు దాన్ని భయపెట్టే ఊరుగా చూపించే సినిమాలంటే బాధ కలుగుతుంది.

ఈ సినిమా ఆ తప్పు చేయలేదు. ఆ దీవిలో పాత దేవుళ్లను తిరిగి నిలబెట్టింది 1868లో దీవిని కొని, కొత్త రకం ఆపిల్ తోటలు వేయించిన, ఇప్పటి దీవి దొరగారి తాత. జనం చేత పని చేయించుకోవడానికే ఆయన ఆ కొలుపును లేపాడు. పంట పోయినప్పుడు బలి కావలసివచ్చింది, ఆ బలి ఈ సార్జెంటే. 2019లో వచ్చిన ‘మిడ్‌సొమార్’ సినిమా కంటికి ఇంపుగా ఉన్నా, అక్కడి ఊరివాళ్ల మీద ఇలాంటి దొర లేడు, పంట దిగులు లేదు. అందుకే నాకు ఆనలేదు.

చివర్లో సార్జెంటు, వచ్చే ఏడాదీ పంట పోతే ఈ జనం నిన్నే బలిగా తగలబెడతారని క్రిస్టఫర్ లీ వేసిన దొరకు అందరి ముందూ చెబుతాడు. పంట తప్పదని దొర గట్టిగా బదులిస్తాడు. ఆ గొంతు కోసమైనా ఈ సినిమా చూడండి. ఈ డిస్కును మాత్రం కొనమని చెప్పలేను. పాటలకు సబ్‌టైటిళ్లు వేసి మళ్లీ తెచ్చిన రోజున నా డబ్బుతో నేనే కొంటాను.