రాజావారి కారుకు వింటేజ్ నంబరు, మాస్టారి కారుకు తుక్కు చీటీ: ఈ యాభై ఏళ్ల నిబంధన ఎవరి కోసం?

మిత్రులారా, నమస్కారం. 1988లో విజయనగరంలో రిజిస్టరైన మా ప్రీమియర్ పద్మిని కారుకు వింటేజ్ వాహనమనే, అంటే వారసత్వంగా కాపాడుకోవలసిన పాత బండి అనే గుర్తింపు రావాలంటే అది 2038 వరకు బతికి ఉండాలి. అంతవరకు దాన్ని బతకనివ్వకుండా చేసే ఏర్పాట్లన్నీ ఆ గుర్తింపు ఇవ్వవలసిన ప్రభుత్వమే చేసి పెట్టింది. ఈరోజు నేను చెప్పేది ఈ ఒక్క మాటే, దీన్నే తిప్పి తిప్పి చెబుతాను: మన దేశంలో బండికి యాభై ఏళ్లు నిండితే అది వారసత్వం, ఇరవై ఏళ్లు నిండితే అది తుక్కు, ఈ రెంటికీ నడుమ ఉన్న ముప్పై ఏళ్లకు చట్టంలో పేరే లేదు.

తుక్కు విధానం గొడవ మీకు తెలిసినదే కాబట్టి దాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 2021 ఆగస్టు 13న ప్రధానమంత్రి ప్రారంభించిన ఈ విధానం ప్రకారం పాత బండిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపించి సొంత వాడకానికి కొత్త బండి కొంటే రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఉంటుంది. తుక్కు విలువగా కొత్త బండి షోరూం ధరలో సుమారు 4 నుంచి 6 శాతం వస్తుందని కేంద్ర మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. అప్పగించాలా వద్దా అన్నది యజమాని ఇష్టమని కాగితం మీద ఉంది. కానీ బలవంతమంతా ఫీజుల్లో ఉంది, దాన్ని చూడండి.

మా పద్మిని రిజిస్ట్రేషన్‌ను 2018లో పునరుద్ధరించినప్పుడు ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు కాబట్టి 2023లో ఆ ఐదు వేలూ కట్టాం. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000, మోటారు సైకిళ్లకు 2,000, దిగుమతి చేసుకున్న కార్లకు ఏకంగా 80,000 రూపాయలు నిర్ణయించారు. అంటే 2028లో ఒక పదివేలు, 2033లో ఇంకొక పదివేలు కట్టి, ఫిట్‌నెస్ పరీక్షలు గెలిచి, పాత బండ్ల మీద రాష్ట్రం వేసే హరిత పన్ను కూడా చెల్లించుకుంటూ పోతే తప్ప మా బండి 2038కి చేరదు. 2023లో మా నాన్నగారు ఫైలు చేతపట్టుకుని ఒక కార్యాలయంలో నిలబడితే, కౌంటరులో కూర్చున్న ఉద్యోగి ఆర్.సి. పుస్తకం తిరగేసి, "ఇంకా ఎందుకండీ మాస్టారూ ఇది, తుక్కుకిచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. ఒక విధానం మనిషి నోట్లోకి ఎలా చేరుతుందో చెబుతున్నాను, అంతే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. తుక్కు విధానాన్ని ప్రారంభించడానికి నెల రోజుల ముందే, 2021 జూలై 15న, కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు, అవి కూడా చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ అవుతాయి. కొత్తగా నమోదు చేయించుకుంటే 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు, నంబరు పలక మీద 'వీఏ' అనే రెండు అక్షరాలు. ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కించాలి. ఈ నిబంధన వచ్చినందుకు పాత కార్ల అభిమానులు చాలామంది సంతోషించారు, అప్పట్లో నేనూ సంతోషించాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే కడుపు మండింది.

ఎందుకంటారా? ఆ యాభై అనే అంకె ఎవరి కార్లను కాపాడుతుందో ఆలోచించండి. మనది సంస్థానాల ప్రాంతం. విజయనగరం, బొబ్బిలి కోటల నీడలో పెరిగినవాళ్లం. పూర్వం కారు అంటే జమీందార్లది, దొరలది, పెద్ద వ్యాపారులది. ఓడల్లో వచ్చిన అలాంటి కార్లు యాభై ఏళ్ల గీతను ఎన్నడో దాటేశాయి. వాటికి షెడ్డు ఉంది, మెకానిక్ ఉన్నాడు, కొనేవాళ్లు ఉన్నారు, ఇప్పుడు చట్టం కూడా ఉంది. మరి మధ్యతరగతి మనిషి కారు కొన్నది ఎప్పుడు? పద్మిని 1970ల నడుమ ఆ పేరుతో వచ్చింది. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. లెక్చరరు, కో-ఆపరేటివ్ బ్యాంకు మేనేజరు, నర్సన్నపేట బంగారు వర్తకుడు, పలాస జీడిపప్పు వ్యాపారి తమ మొదటి కారు కొన్నది ఆ తర్వాతే. నా సిద్ధాంతం ఇదే, ఎవరు కాదన్నా దీన్ని వదలను: యాభై ఏళ్ల గీత గీసినవాళ్లకు చరిత్ర అంటే రాజుల చరిత్రే. మాస్టారి కారుకు కూడా చరిత్ర ఉంటుందని వాళ్లకు తోచలేదు.

ఒక్క ఉదాహరణ చాలు. దేశంలో అమ్ముడైన మొట్టమొదటి మారుతి 800ను 1983 డిసెంబరు 14న యజమానికి అప్పగించారు. ఆయన పోయిన తర్వాత ఆ కారు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. చివరికి కంపెనీవారే దాన్ని బాగుచేయించి తమ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టారు. భారతదేశపు రోడ్లను మార్చేసిన కారు అది. ఆ కారుకు కూడా ఈ నిబంధన ప్రకారం వింటేజ్ అర్హత రావాలంటే 2033 డిసెంబరు దాటాలి! దాన్ని కాపాడింది చట్టం కాదు, కంపెనీ డబ్బు. మన ఊళ్లలోని పాత 800లకు అలాంటి కంపెనీ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రపంచంలో ఎక్కడైనా యాభై పెట్టారా అని అడిగేవారికి చెబుతాను. పాత వాహనాల అభిమాన సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 'ఫీవా' నిర్వచనంలో ముప్పై ఏళ్లు చాలు. జర్మనీలో ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపంలో బాగున్న కారుకు నంబరు చివర 'హెచ్' అక్షరం ఇచ్చి, ఏడాదికి 191 యూరోల స్థిరమైన పన్ను వేసి, హాయిగా నడుపుకోమంటారు. బ్రిటన్‌లో నలభై దాటితే వాహన పన్ను ఉండదు. ఇక అమెరికా 2009లో 300 కోట్ల డాలర్లతో పాత కార్ల తుక్కు పథకం నడిపింది, ఆరున్నర లక్షలకు పైగా బండ్లు పోయాయి. ఆ పద్ధతి వింటే గుండె తరుక్కుపోతుంది: ఇంజిన్‌లో ఆయిల్ తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, స్టార్ట్ చేసి నడిపేవారు. వేడికి అది గాజులా గట్టిపడి, లోపలి భాగాలు బిగుసుకుపోయి ఇంజిన్ శాశ్వతంగా ఆగిపోయేది. అంత కఠినంగా చేసిన ఆ దేశం కూడా ఇరవై ఐదేళ్లు దాటిన బండిని ఆ పథకంలోకి తీసుకోలేదు. చంపడానికి దిగినవాడు కూడా పాతదాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టాడు. మనం మాత్రం ఇరవై దాటగానే ఫీజు రెట్టింపు చేశాం.

మన తీరంలో ఉండేవారికి ఇంకొక చిక్కు ఉంది. శ్రీకాకుళం నుంచి భోగాపురం వరకు వీచే ఉప్పుగాలికి రేకు ఎంతోకాలం ఆగదు. మా పద్మిని అడుగు రేకు ఇప్పటికి రెండుసార్లు కోసి, కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించాం. ఇంజిన్ 1,089 సీసీ, అసలుదే. స్టీరింగు పక్కన ఉండే గేరు కూడా అసలుదే. 2038లో వింటేజ్ అర్హత తేల్చే కమిటీవారు వచ్చి ఆ రేకు అతుకులు చూసి "ఇది అసలు రూపం కాదు" అంటే మేం ఏం చెప్పాలి? అతుకు వేయకపోతే బండి ఫిట్‌నెస్‌లో పోతుంది, వేస్తే వింటేజ్‌లో పోతుందేమోనని భయం. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ సంతలకు మనుషుల్నీ చింతపండునూ మోసిన పాత జీపుల సంగతి ఇంకా ఘోరం. కొండ దారుల్లో వాటికి మారని భాగమంటూ మిగిలిందా? అవి ఎన్నేళ్లు బతికినా ఈ నిర్వచనంలో ఇమడవు, కానీ ఆ కొండల రవాణా చరిత్ర రాయాలంటే వాటినే ముందు రాయాలి.

దీనివల్ల పోయేది బండి ఒక్కటే కాదు. పద్మిని కార్బురేటర్‌ను చెవితో విని సరిచేసే మేస్త్రి మా ఊళ్లో ఇంకా ఒక్కరే ఉన్నారు, ఆయన కొడుకు ఆ పని నేర్చుకోలేదు. పనికి రోజుకు ఒక బండైనా రాకపోతే ఎందుకు నేర్చుకుంటాడు? యాభై ఏళ్లు నిండి వింటేజ్ అయ్యేసరికి ఆ బండిని నడిపించగల చెయ్యి మిగలదు.

పొగ సంగతి ఏమిటని కొందరు కోపంగా అడుగుతారు. కిలోమీటరుకు లెక్కేస్తే మా పద్మిని కొత్త కారుకంటే ఎక్కువ పొగ వదులుతుంది, ఒప్పుకుంటున్నాను. కానీ అది ఏడాదికి ఆరు వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. రథసప్తమికి అరసవల్లి, ఒకటి రెండుసార్లు రామతీర్థం, బంధువుల ఇంట పెళ్లి. రోజూ జాతీయ రహదారి మీద పరుగెత్తే లారీకీ దీనికీ ఒకే కొలమానం పెట్టడం న్యాయమా? తిరిగిన కిలోమీటర్లను బట్టి పన్ను వేయండి, కడతాం. పుట్టిన తేదీని బట్టి శిక్ష వేయకండి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. నిబంధనలో యాభై అని ఉన్నచోట ముప్పై అని మార్చాలి, తుప్పుకు వేసిన రేకును మార్పుగా లెక్కించకూడదు, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టి సొంత ప్రయాణాలకు అనుమతించాలి. అలా జరిగితే మా పద్మిని ఈపాటికే వింటేజ్. 1976 నుంచి 1996 లోపు రిజిస్టరైన కారో, జీపో, యెజ్డీనో, కుడికాలి గేరు బుల్లెట్టో మీ ఇంట్లో ఉంటే, దాని మోడలు, సంవత్సరం, మీ మండలం పేరు నాకు కింద రాయండి. మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల జాబితా తయారుచేసి, రవాణా శాఖకు వినతిపత్రంతో పాటు ఇస్తాను. మొదటి వరుసలో మా నాన్నగారి బండి రాసేశాను: ప్రీమియర్ పద్మిని, 1988, విజయనగరం, ఇంకా నడుస్తోంది.