చెవిలో దాచుకున్న పాటలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా నాన్నగారికి ఎనభై ఒకటో ఏడు. నిరుడు దసరాకు చిక్కడపల్లిలోని మా ఇంటి ముందుగదిలో ఆయన కుర్చీ పక్కన చిన్న స్పీకరు పెట్టి, మా అబ్బాయి తన ఫోను నుంచి కొన్ని కొత్త పాటలు వినిపించాడు. తాతగారి కోసం శ్రద్ధగా ఏరి తెచ్చిన పాటలవి, మంచి పాటలే. ఆయన రెండు పాటలు ఓపికగా విని, "బాణీ బాగుందిరా, మాటే అందడం లేదు" అన్నారు. తర్వాత అదే స్పీకరులో, అంతే శబ్దంతో, ఘంటసాల పాత పాట ఒకటి పెడితే చరణమంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. పెద్దవాళ్లకు పాతవే ఇష్టం కాబోలని మేమంతా అనుకుని ఊరుకున్నాం. అది పొరపాటని నాకు తరువాత తెలిసింది. ఆ తెలిసిన సంగతే మీ ముందు చెప్పదలచుకున్నాను.

మనిషి చెవి పుట్టుకతో సుమారు 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో సన్నని రోమకణాలు వరుసగా ఉంటాయి. దాని మొదట్లో ఉన్నవి పైస్థాయి ధ్వనులను, చివరి కొసన ఉన్నవి మంద్రస్థాయి ధ్వనులను అందుకుంటాయి. వయసుతో ముందుగా దెబ్బతినేవి మొదట్లో ఉన్నవే. ఒకసారి పోతే మనుషుల్లో అవి తిరిగి పుట్టవు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో నాన్నగారికి పరీక్ష చేయించినప్పుడు, కాగితం మీద గీత మంద్రస్థాయి ధ్వనులుండే ఎడమవైపు బాగానే నడిచి, పైస్థాయి ధ్వనులుండే కుడివైపు వెళ్లేకొద్దీ కొండ దిగినట్టు కిందికి జారిపోవడం నేను కళ్లారా చూశాను. అచ్చులు బలంగా, కిందిస్థాయిలో పలుకుతాయి కనుక వినబడతాయి. స, శ, త, ఫ వంటి హల్లులు సన్నగా, పైస్థాయిలో పలుకుతాయి కనుక జారిపోతాయి. హల్లులు పోయిన మాట వినబడుతుంది కానీ అర్థం కాదు. అలాంటి చెవికి కొత్త పాట రాగంగా మాత్రమే అందుతుంది. ఎప్పుడో కంఠస్థమైన పాటలోనైతే, చెవి జారవిడిచిన అక్షరాన్ని మనసు తానే పూరిస్తుంది. అంటే ఆ పాటలో సగం నాన్నగారు స్పీకరు నుంచి వింటున్నారు, మిగిలిన సగం తన లోపల నుంచి వింటున్నారు.

మరి ఆ సగం లోపలికి ఎలా చేరింది? 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైనప్పుడు నాన్నగారికి పదమూడేళ్లు. రేడియో ఉంచుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసిన రోజులవి. సుల్తాన్ బజార్ వెనక సందులో ఉన్న వాళ్ల ఇంట్లో రేడియో లేదు. పక్కింటివారి కిటికీ కింద నిలబడి, నచ్చిన పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియక, వేసినప్పుడు ఒక్క ముక్క కూడా పోగొట్టుకోకుండా వినేవారట. అలా ఎదురుచూసి విన్న పాటలే ఆయనకు కంఠస్థమయ్యాయి.

ఫిలిప్స్ సంస్థ 1963లోనే క్యాసెట్టును తెచ్చినా, మా ఇంట్లోకి అది ఎనభైలలో వచ్చింది. అప్పట్లో కాగితం మీద పాటల జాబితా రాసి ఇస్తే కోఠిలో దుకాణం వాళ్లు ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టు అంటే వైపుకు ముప్పై నిమిషాలు, అంటే ఏడెనిమిది పాటలు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని నాన్నగారు రాత్రి భోజనాల తరువాత ఆ జాబితాను కొట్టివేసి మూడుసార్లు తిరగరాయడం నాకు గుర్తుంది. ఒకసారి టేపు చిక్కుపడి తెగింది. నలిగిన ముక్కను కత్తిరించి, సెలోటేపుతో అతికించి, పెన్సిలు దూర్చి తిప్పి చుట్టారు. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కనుక, పోయిన ఐదు సెంటీమీటర్ల ముక్కతో సుశీల పాటలో ఒక మాట పోయింది. ఆ మాట లేకుండానే మా ఇంటిల్లిపాదీ ఆ పాట నేర్చుకున్నాం.

ఇప్పుడు నెలకు ఇంతని కడితే పది కోట్లకు పైగా పాటలు అరచేతిలోకి వస్తాయి. ఇది గొప్ప సౌకర్యమే, నేనూ వాడుతున్నాను. అయితే మనం కొంటున్నది పాటను కాదు, ఆ నెలపాటు వినే అనుమతిని. చందా ఆపితే జాబితా మూగబోతుంది. హక్కుదారులతో ఒప్పందం ముగిస్తే ఉన్న పాట కూడా రాత్రికి రాత్రి కనబడకుండా పోతుంది. నాన్నగారి క్యాసెట్ల పెట్టె నాకు వచ్చినట్టు నా ఖాతా మా అబ్బాయికి రాదు. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధించేది మరొకటుంది. పాట చివరి చరణానికి చేరేలోపే వేలు తరువాతి దానిమీదికి పోతోంది. పల్లవిలో పదిహేను సెకన్ల ముక్క వందసార్లు వినబడుతోంది, చరణాలు ఒక్కసారి కూడా వినబడడం లేదు. ఈ పిల్లలకు ఎనభై ఏళ్లు వచ్చి చెవి హల్లులను వదిలేసిన రోజున, లోపల నుంచి పూరించడానికి వాళ్లకు ఏ పాట నిండుగా మిగిలి ఉంటుందన్నది నా బెంగ.

ఆ చెవి కూడా వాళ్లకు మనకన్నా ముందే మొరాయించవచ్చు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లేలోపు, రైలు రొదను దాటడానికి ఇయర్‌బడ్స్ శబ్దాన్ని పెంచుకుంటూ పోయే యువతీయువకులను రోజూ చూస్తున్నాను. పెద్దలకు వారానికి 80 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగానికి తగ్గుతుంది.

నాన్నగారికి వినికిడి యంత్రం పెట్టించాం, మాటలు కొంత మెరుగ్గా అందుతున్నాయి. ఆదివారం సాయంత్రాలు మా అబ్బాయి ఆయన పక్కన కూర్చుని ఒక్క పాట మొదటి నుంచి చివరి దాకా వింటున్నాడు. వచ్చే వారం కూడా అదే పాట. పోయిన నెల తాతగారి కోసం ఫోనులో ఆ సుశీల పాటను వెదికి పెట్టాడు, టేపు తెగని అసలు పాట. నాన్నగారు కూడా పాడుతున్నారు. మేము కత్తిరించి పారేసిన ఆ మాట దగ్గర పాట సాగిపోయింది, ఆయన మాత్రం దానిని దాటి తరువాతి మాటకు వెళ్లి, ఒక్క క్షణం ఆగి, పాట తనను అందుకునేదాకా ఎదురుచూశారు.