కొత్త కెమెరా, మొదటి గంట: ఫ్యాక్టరీ సెట్టింగులకు ఎన్ని మార్కులు?

అందరికీ నమస్కారం అండి. కెమెరా రివ్యూ అనగానే సెన్సర్, ఆటోఫోకస్, ఫోర్‌కే వీడియో అంటూ మొదలవుతుంది. ఇవాళ వాటి జోలికి పోవట్లేదు. బాక్స్ విప్పినప్పటి నుంచి మొదటి ఫొటో తీసేదాకా ఏం జరుగుతుందో దానికే ఈ రివ్యూ. ఏ కంపెనీ కెమెరా అయినా ఫ్యాక్టరీ నుంచి కొన్ని సెట్టింగులతో వస్తుంది కదా, వాటికి మార్కులు వేద్దాం.

మెనూ తెరవగానే పేజీలకు పేజీలు కనిపిస్తాయి. కంగారు పడకండి. నా లెక్క ఒక్కటే: ఫొటో తీశాక సరిచేసుకోలేనివి ఏవో అవి ముందు. మిగతావి వాడుతూ వాడుతూ అవే అలవాటవుతాయి.

బ్యాటరీ ఫుల్ చార్జ్ పెట్టండి. ఈమధ్య చాలా మోడళ్లకు విడి చార్జర్ ఇవ్వట్లేదు, కెమెరాకే యూఎస్‌బీ కేబుల్ గుచ్చుకోమంటున్నారు. ఇక్కడ నేను మార్కులు కోసేస్తా. రెండో బ్యాటరీ కొనుక్కున్నా సరే, అది చార్జ్ కావాలంటే కెమెరా కూడా ప్లగ్గు దగ్గరే కూర్చోవాలి.

ఇక మెమరీ కార్డు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో వేసే అంకె చాలావరకు కార్డు నుంచి చదివే స్పీడు. మనకు ముఖ్యం రాసే స్పీడు. దానికోసం కార్డు మీద వీ30 అనే గుర్తు వెతకండి. సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాస్తుందని దాని అర్థం. ఫొటోలకీ, మామూలు ఫోర్‌కే వీడియోకీ చాలా కెమెరాల్లో ఇది చాలు. ఎస్‌డీ కార్డు పక్కన బుల్లి లాక్ మీట ఉంటుంది. అది కిందికి జరిగి ఉంటే కెమెరా ఒక్క ఫొటో కూడా రాయదు, చూసుకోండి. ఫార్మాట్ మాత్రం కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే చేయండి. దానికి కావాల్సిన ఫోల్డర్లు అదే వేసుకుంటుంది.

ఇప్పుడు, నేను సున్నా మార్కులు వేసే సెట్టింగ్. కార్డు లేకపోయినా షటర్ కొట్టుకునే సెట్టింగ్ అండి! షాపులో కస్టమర్‌కి చూపించడానికైతే సరే. కానీ చాలా కెమెరాలు అది ఆన్‌లోనే వస్తాయి. మీరు క్లిక్ క్లిక్ అని కొడుతూనే ఉంటారు, స్క్రీన్ మీద ఫొటో కూడా కనిపిస్తుంది, ఎక్కడా సేవ్ కాదు. మూలన చిన్నగా కార్డు లేదని చూపిస్తుంది, నిజమే, ఫొటో తీసే హడావుడిలో అది ఎవరు చూస్తారు? నికాన్‌లో ‘స్లాట్ ఎంప్టీ రిలీజ్ లాక్’ అనీ, సోనీ, కెనాన్‌లలో ‘రిలీజ్ వితౌట్ కార్డ్’ లాంటి పేరుతోనూ ఉంటుంది. వెతికి, కార్డు లేకపోతే షటర్ పడకుండా పెట్టేయండి (నికాన్‌లో అయితే ‘లాక్’ ఎంచుకోవాలి).

తేదీ, టైమ్, టైమ్ జోన్. విసుగొచ్చి దాటేసే స్క్రీన్ ఇదే. కానీ ప్రతి ఫొటోలోనూ ఆ టైమ్ నమోదవుతుంది. ఒకే ఫంక్షన్‌ని రెండు కెమెరాలతో తీస్తే, టైమ్ తేడా ఉంటే ఫొటోల వరస మొత్తం కలగాపులగం అయిపోతుంది. నిమిషాలతో సహా సరిపెట్టండి.

క్వాలిటీ దగ్గర చాలా కెమెరాలు ఒట్టి జేపెగ్‌తో వస్తాయి. కార్డులో చోటుంటే రా ప్లస్ జేపెగ్ పెట్టుకోండి. రా (RAW) అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని పెద్దగా మార్చకుండా దాచే ఫైల్. ఇవాళ మీకు రా ఫైల్ ఎడిట్ చేయడం రాకపోవచ్చు, రేపు నేర్చుకున్నాక ఈ ఫొటోలకే పనికొస్తుంది. రంగు తేడా కొడితే రాలో ఇట్టే మార్చేయొచ్చు. ఫోకస్ తప్పినా, చెయ్యి కదిలినా రా కూడా ఏమీ చేయలేదు, అది వేరే సంగతి. కలర్ స్పేస్, అంటే ఫొటోలో ఏ రంగుల పరిధి వాడాలన్నది, మామూలుగా అన్ని స్క్రీన్లకీ సరిపడే ఎస్‌ఆర్‌జీబీలో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఇక్కడ ఫ్యాక్టరీ వాళ్లకి ఫుల్ మార్కులు.

వీడియో తీసేవాళ్లు ఈ మాట జాగ్రత్తగా వినండి. మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని రెండుంటాయి. పాత టీవీల కాలం నాటి పేర్లు కదా అని వదిలేయకండి. మీరుండే చోట కరెంటు 50 హెర్ట్జ్ అయితే పాల్, 60 హెర్ట్జ్ అయితే ఎన్‌టీఎస్‌సీ పెట్టాలి. ఎందుకంటే 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. వీడియోలో నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతుంటాయి చూడండి, అవి దీనివల్లే. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ స్పీడు సెకనులో 50వ వంతు పెడితే దాదాపు పోతాయి. 60 హెర్ట్జ్ చోట 30 ఫ్రేములు, 60వ వంతు. ఎలక్ట్రానిక్ షటర్‌తో, అదే సైలెంట్ షటర్‌తో ఫొటోలు తీసినా ఇదే గొడవ, ఇంటి లోపల మెకానికల్ షటర్ వాడండి. ఇంకోటి, కొన్ని కెమెరాల్లో పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మారిస్తే కార్డు మళ్లీ ఫార్మాట్ చేయమంటుంది. అందుకే మొదటి రోజే తేల్చుకోమంటున్నా.

వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే చోట, మసగ్గా కనిపిస్తే లెన్స్‌ని అనుమానించకండి. పక్కనే చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. ఎదుటి దృశ్యాన్ని కాదు, లోపల కనిపించే అంకెల్ని చూస్తూ అవి స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు పెట్టుకునే తిప్పాలి, ఫొటోలు తీసేటప్పుడు కూడా పెట్టుకునేట్టయితే.

ఫోకస్ సంగతి రెండు ముక్కల్లో. కదలకుండా ఉన్నవాటికి ఏఎఫ్-ఎస్ (ఒకసారి ఫోకస్ చేసి ఆగుతుంది), పరిగెత్తే పిల్లలకి ఏఎఫ్-సీ (ఫోకస్ మార్చుకుంటూ వెంటాడుతుంది). కెనాన్‌లో వన్ షాట్, సర్వో అంటారు. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో కంటిని గుర్తుపట్టే ఫోకస్ బాగా పనిచేస్తుంది, ఆన్‌లోనే ఉంచండి. బీప్ శబ్దం మాత్రం ఆపేయండి, పక్కవాళ్లు దీవిస్తారు.

ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపల నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఏదైనా ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయండి, మధ్యలో స్విచ్ ఆఫ్ చేయొద్దు.

ఇంత కష్టపడి పెట్టుకున్న సెట్టింగులన్నీ కార్డు మీద ఒక ఫైల్‌గా సేవ్ చేసుకునే వీలు చాలా కెమెరాల్లో ఉంది. కార్డు ఫార్మాట్ చేస్తే ఆ ఫైల్ కూడా పోతుంది కాబట్టి, కంప్యూటర్‌లో ఒక కాపీ పడేయండి. మీ మెనూలో వీటిలో ఏదైనా దొరక్కపోతే కామెంట్‌లో మోడల్ పేరు రాయండి, ఎక్కడుందో చెప్తాను. ఉంటానండి.